కుట్టిన ఇంజన్

మానేభంజ్యాంగ్‌లో బండి మొరాయిస్తే ముందు దేవుణ్ణి తిట్టుకుంటారు, తరువాత సంతబీర్ గురుంగ్ ఇంటికి నడుస్తారు. దేవుడి సంగతేమో గానీ సంతబీర్ మాత్రం పలుకుతాడు. బజారు అయిపోయి రాళ్లబాట కొండెక్కడం మొదలుపెట్టే మలుపులో అతని ఇల్లు. ఇల్లు అనడం మర్యాదకే. ఉన్న స్థలంలో ముప్పాతిక రేకుల షెడ్డు, అందులో 1955 నాటి ల్యాండ్‌రోవర్. మిగిలిన పాతికలో సంతబీర్, అతని భార్య దిల్‌మాయా సర్దుకుంటారు. "నన్ను చేసుకున్నది దాన్ని తుడవడానికే" అని దిల్‌మాయా ముప్పై రెండేళ్లుగా అంటూనే ఉంది, తుడుస్తూనే ఉంది.

ఆ బండి సంతబీర్ తండ్రిది. తేయాకు తోట దొర సీమకు వెళ్లిపోతూ తన డ్రైవరుకు వదిలేసి పోయాడు. తండ్రి నుంచి సంతబీర్‌కు బండితోపాటు మూడు వస్తువులు వచ్చాయి: పానాల సంచీ, ఒక సుత్తి, ఇనుము మీద అంకెలు కొట్టే పంచ్‌ల చెక్కపెట్టె. పెట్టెలో తొమ్మిది పంచ్‌లే ఉంటాయి. తొమ్మిది అంకె కావాలంటే ఆరును తిప్పి కొట్టుకోవాలి. మూడు అంకె పంచ్‌కు నడుం దగ్గర చిన్న పెచ్చు ఊడింది, చిన్నప్పుడు సంతబీరే రాతి మీద కొట్టి పాడుచేశాడు. ఆ తరువాత దానితో కొట్టిన ప్రతి మూడూ మధ్యలో తెగినట్టు పడుతుంది. అందుకు తండ్రి ఇచ్చిన చెంపదెబ్బ అతనికి ఇంకా గుర్తుంది.

బండిని సంతబీర్ బతికించిన తీరు చూస్తే దాన్ని తయారు చేసినవాళ్లు నవ్వుతారో ఏడుస్తారో చెప్పలేం. ఎనిమిది మంది మనుషులూ నాలుగు బస్తాల బంగాళాదుంపలూ ఎక్కినా నడుం వంగకూడదని లారీ కమాన్‌పట్టీలు కోసి వెనక స్ప్రింగుల కింద చేర్చాడు. అరిగిన బుష్షుల చోట పాత టైరు రబ్బరు పెట్టాడు. ఆవనూనె డబ్బాలు సాగగొట్టి నేలకు మాసికలు వేశాడు. బ్రేకులు మాత్రం ఎవరు ఎంత బాగుచేసినా ఆ బాట మీద నమ్మడానికి లేదు. మలుపులో బండి ఒక్క ఊపున తిరగదు. ఆగాలి, వెనక్కి జారకుండా చక్రం కింద చెక్క దిమ్మ పెట్టాలి, మళ్లీ తిప్పాలి. పెళ్లయిన కొత్తలో ఆ దిమ్మ పట్టుకుని బండి వెనక వేలాడింది దిల్‌మాయాయే. తన కాపురం లోయలో పడకుండా ఆపింది ఆ చెక్కముక్కే అంటుంది.

పెట్రోలు మింగడం భరించలేక పెళ్లయిన నాలుగో ఏట సంతబీర్ సిలిగురి వేలంలో ఒక డీజిల్ ఇంజన్ తెచ్చి బండిలో బిగించాడు. దానికోసం పట్టాలు కొత్తగా చేశాడు, గేర్‌బాక్సును జానెడు వెనక్కి జరిపాడు. విప్పిన పాత ఇంజన్‌ను అమ్మబుద్ధి కాలేదు. గ్రీజు పూసి, గోనె చుట్టి మంచం కిందికి తోశాడు. దిల్‌మాయా ఆ ఏడాదంతా ఇంజన్ మీద పడుకున్నట్టే లెక్క.

ఆ చలికాలమే ఫుర్బా షెర్పా కొంప మునిగింది. ఫుర్బాకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు, తండ్రి లేడు, తల్లి ఉంది, తండ్రి వదిలిన ల్యాండ్‌రోవర్ ఉంది. పైన కాలీపోఖరీలో బండి ఆపుకుని, వేడి తోంగ్బా కల్లు రెండు కుండలు తాగి పడుకున్నాడు. చలి రోజుల్లో బండి ఆపగానే రేడియేటర్ నీళ్లు కింద వదిలేయాలని ఆ కొండమీద పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. ఫుర్బా మరిచిపోయాడు. తెల్లారేసరికి లోపలి నీళ్లు గడ్డకట్టి ఇంజన్ పక్కటెముక జానెడు పొడుగున పగిలింది. సంతబీర్ వెళ్లి తన బండికి తాడు కట్టి కిందికి లాక్కొచ్చాడు.

"ఇక మోత కూలీకే పోవాలి దాజు" అన్నాడు ఫుర్బా, షెడ్డులో గోడకు ఆనుకుని.

"మోత మొయ్యడానికి వీపుండాలి. నీకుంది నోరు. ఆ మంచం కింద గోనె ఇటు లాగు."

ఫుర్బా గోనె విప్పి చూశాడు. తరువాత వంగి సంతబీర్ కాళ్లు పట్టుకోబోయాడు.

"కాళ్లు వదులు, గ్రీజు అంటుతుంది. ఇది నీకు ఇచ్చెయ్యడం కాదు, పెట్టుకో అంటున్నా. నాకు అవసరం పడిననాడు అడుగుతా."

"అడిగిన రోజే ఇస్తా దాజు. ఆమా మీద ఒట్టు."

ఆ ఆమా అక్కడే ఉంది, దిల్‌మాయా పక్కన కూర్చుని టీ తాగుతోంది. పెద్దావిడ కప్పు కింద పెట్టి కొడుకుతో అంది: "బండి గుండె కోసి ఇచ్చినవాణ్ణి అన్నలా దాజు అంటే చాలదురా. మీత్ కట్టుకో."

కట్టుకున్నారు. మీత్ అంటే ఒట్టు పెట్టి కలుపుకున్న అన్నదమ్ముల వరస. ఆమాయే ఇద్దరి నుదుటా పెరుగు కలిపిన బియ్యం అద్దింది. టోపీలు మార్చుకున్నారు, రూపాయి బిళ్లలు మార్చుకున్నారు. తోడబుట్టినవాడితో పోట్లాడి మళ్లీ కలవచ్చు, మీత్‌తో పోట్లాటే కూడదు. ఒకరింట్లో చావు జరిగితే రెండో ఇల్లు కూడా మైల పట్టాలి. చచ్చేదాకా ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, మీత్‌జ్యూ అనాలి, మీరు అనాలి, మీత్ భార్యను మీతిని అనాలి. నిన్నటిదాకా ఒరే అన్నవాణ్ణి మీరు అనడానికి సంతబీర్ నాలుక వారం రోజులు మడత పడింది. తరువాత అలవాటయింది. ఎంత అలవాటంటే, ఒకసారి బ్యాంకు కాగితం మీద జామీనుదారు పేరు రాయాల్సి వచ్చి, కలం దిల్‌మాయా చేతికిచ్చి "నువ్వు రాయి" అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్లలో ఫుర్బా పేరు అతని నోటి నుంచి గానీ చేతి నుంచి గానీ ఒక్కసారి రాలేదు.

ఆ ఇరవై ఎనిమిదేళ్లూ ఫుర్బా బండికి సంతబీర్ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. తన ఇంజన్ కదా, ఇంకొకడు ముట్టుకుంటే ఒళ్లు మండేది. ఫుర్బా బాగుపడ్డాడు. అద్దాల కిటికీల లాడ్జి కట్టాడు, బండ్లవాళ్ల మీటింగుల్లో ముందు కుర్చీలో కూర్చునేవాడయ్యాడు. ఆమా పోయినప్పుడు సంతబీర్ కొడుకులాగే మైల పట్టాడు. ఇంజన్ ఎవరిదో విన్నది ఇంటి మనుషులు కాక ఆమా ఒక్కతే, ఆమెతో ఆ మాటా పోయింది. పోయిందని సంతబీర్‌కు అప్పుడు తోచలేదు. మీత్ దగ్గర సాక్షుల లెక్క ఎవడు చూస్తాడు?

కిందటేడు దసైన్ పండుగ వెళ్లాక బండ్ల స్టాండులో ఒక కాగితం అంటించారు. కొండబాట మీద ఇక పాత బండ్లే తిరగాలి, అవీ నిజంగా పాతవే అయివుండాలి. పుస్తకంలో ఉన్న నంబరూ ఇంజన్ మీద ఉన్న నంబరూ ఒకటైతే బండి జాబితాకెక్కుతుంది. కాకపోతే చైత్ నెల దాటాక బాట ఎక్కడానికి లేదు. బాట ఎక్కని ల్యాండ్‌రోవర్‌ను మానేభంజ్యాంగ్‌లో ఏం చేసుకోవాలి? కోళ్లు పెంచుకోవాలి.

సంతబీర్ కంగారు పడలేదు. అతని ఇంజన్ ఎక్కడుందో అతనికి తెలుసు. నేరుగా ఫుర్బా లాడ్జికి వెళ్లాడు.

"మీత్‌జ్యూ, నా ఇంజన్‌కి వేళయింది" అన్నాడు.

ఫుర్బా బుగ్గన ఎండు జున్ను చుర్పీ ముక్క పెట్టుకుని నముల్తున్నాడు. నమలడం ఆపలేదు. "మీ వస్తువు మీరు తీసుకోవడానికి నన్నడగాలా మీత్‌జ్యూ? రేపే విప్పుకోండి. నా బండి సంగతే ఆలోచిస్తున్నా."

"మీ పాతది నా షెడ్డులోనే పడుంది. దాని మీద మీ నంబరు కంపెనీ కొట్టింది కొట్టినట్టే ఉంది. పగులు కుట్టేస్తా. ఇద్దరి బండ్లూ గట్టెక్కుతాయి."

"ఇనుముని కుడతారా?"

"బట్టలు మీ మీతిని కుడుతుంది. ఇనుము నేను కుడతా."

ఫుర్బా నవ్వాడు. "కుట్టండి. ఈ యాత్రికుల రద్దీ తగ్గనివ్వండి. మాఘ్‌లో నేనే బండి తెచ్చి మీ షెడ్డులో పెడతా. నంబర్లు చూసే ఆఫీసరు చైత్ నెలాఖరుకి గానీ రాడంట, మీటింగులో చెప్పారు."

సంతబీర్ తేలిక గుండెతో ఇంటికి వచ్చాడు. ఆ తేలికదనం తలుచుకుంటే ఇప్పుడు నాకే ఒళ్లు మండుతుంది.

రెండు నెలలు కుట్టాడు. ఇనుము కుట్టడం అంటే సూదీ దారం కాదు. పగులు ఈ చివర ఒక చిల్లు వెయ్యాలి, దానికి మర కొయ్యాలి, రాగి మేకు బిగించి తల కోసి సుత్తితో అణచాలి. రెండో చిల్లు మొదటి మేకు అంచును కొరుకుతూ పడాలి. అలా ఒకదాన్నొకటి కరుచుకుంటూ పగులు పొడవునా నలభై మూడు మేకులు. చేతి డ్రిల్లు తిప్పి తిప్పి అతని కుడి భుజం లేవడం మానేసింది. దిల్‌మాయా రోజూ ఆవనూనె కాచి రుద్దేది.

"సొంత ఇంజన్ కోసమా ఇన్ని పాట్లు? ఆయన కోసం" అంది ఒక పొద్దున.

"నాది తీసుకుని ఆయన్ని ఖాళీగా వదిలెయ్యమంటావా?"

"నేనేమీ అనను. ఆయన ఒకసారైనా వచ్చి చూశాడా అంటున్నా."

మేకులన్నీ పడ్డాక ఇంజన్‌లో నీళ్లు నింపి చూశాడు. పొద్దున పోయడం, చలి దిగకముందే తీసేయడం. ఎవరి బండి నేర్పిన పాఠమో చెప్పనక్కర్లేదు. ఏడు రోజులూ కింద పరిచిన కాగితం పొడిగానే ఉంది.

మాఘ్‌లో ఫుర్బా వచ్చాడు, బండి లేకుండా. క్లచ్ జారుతోందట, వచ్చే వారం తెస్తాడట. కుట్టిన ఇంజన్‌ను దూరం నుంచే చూసి, "కొండ మీద ఆగుతుందా ఇది? ఎనిమిది మంది ప్రాణాలు" అన్నాడు. సంతబీర్ పొడి కాగితం చూపించాడు. ఫుర్బా తలూపాడు. వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి, "మీ అంకెల పెట్టె ఒకసారి ఇవ్వండి మీత్‌జ్యూ. లాడ్జి గ్యాస్ బండలు మారిపోతున్నాయి, నంబర్లు కొట్టుకుంటా" అని అడిగాడు. సంతబీర్ పెట్టె తుడిచి మరీ ఇచ్చాడు. "మూడుకి నడుం విరిగింది, చూసి కొట్టుకోండి" అని కూడా చెప్పాడు.

చైత్‌లో వస్తాడన్న ఆఫీసరు ఫాగున్ మొదటి వారంలోనే దిగాడు. వస్తున్నాడని స్టాండులో అందరికీ నాలుగు రోజుల ముందే తెలుసు, షెడ్డులో తల దూర్చి కూర్చున్న సంతబీర్‌కు తప్ప. పొద్దున్నే ఎవరో కేకేస్తే, డీజిల్ ఇంజన్‌తోనే బండి తీసుకుని పరుగెత్తాడు. దారంతా ఒకటే ఆలోచన: మీత్‌జ్యూ ఉన్నాడు, ఆఫీసరుకు నిజం చెబుతాడు, పదిహేను రోజుల గడువు అడుగుదాం, రెండిళ్ల ఇంజన్లూ మార్చేద్దాం.

స్టాండులో ఫుర్బా బండి వంతు నడుస్తోంది. బానెట్ లేచి ఉంది. ఆఫీసరు మంచి మనిషే, కళ్లజోడు సర్దుకుని పుస్తకంలో అంకెలు పైకి చదువుతున్నాడు, గుమాస్తా టార్చి వేసి ఇంజన్ మీద చూసి అవునంటున్నాడు. ఎనిమిది అంకెలూ కలిశాయి. సంతబీర్ జనంలోంచి ముందుకు వచ్చి తొంగి చూశాడు. తన ఇంజన్ మీద తన తండ్రి కాలం నుంచి ఉన్న నంబరు లేదు. ఆ చోటంతా ఆకురాయితో అరగదీసి, నునుపు చేసి, కొత్తగా కొట్టారు. అందులో మూడు అంకె రెండు చోట్ల ఉంది. రెండూ నడుం దగ్గర తెగి ఉన్నాయి.

ఆఫీసరు చూసేది అంకెలు. సంతబీర్ చూసింది తన పెట్టె. ఆ క్షణంలో అతనికి మొట్టమొదట వచ్చిన ఆలోచన చెబితే నవ్వుతారు: కొట్టడం కూడా సరిగా రాలేదు, చివరి అంకె పక్కకు ఒరిగింది అనుకున్నాడు.

"ఈ బండి పని ఎవరు చూస్తారు?" అని ఆఫీసరు అడిగాడు.

ఫుర్బా తల తిప్పి సంతబీర్‌ను చూపించాడు. "మా మీత్‌జ్యూ సార్. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈయన చెయ్యి తప్ప ఇంకోటి పడలేదు. ఈయన్నే అడగండి."

మోసం చెయ్యడం ఒక ఎత్తు. మోసపోయినవాడి చేతే దానికి ముద్ర వేయించుకోవాలనుకోవడం ఇంకో ఎత్తు.

"ఇది మొదట్నుంచీ ఉన్న ఇంజనేనా దాజు?" అన్నాడు ఆఫీసరు.

సంతబీర్ షెడ్డు అక్కడికి అర మైలు కూడా ఉండదు. అందులో గోనె కింద ఇదే నంబరుతో, కంపెనీ కొట్టిన అసలు అంకెలతో ఇంకో ఇంజన్ ఉంది. "సార్, ఒక్కసారి మా ఇంటికి రండి" అంటే చాలు. ఫుర్బా బండి పోతుంది, ఫుర్బా చేతికి బేడీలు పడతాయి, తన ఇంజన్ తనకు వస్తుంది. నోరు తెరిచాడు. నుదుటి మీద ఆమా వేళ్లు, తడి బియ్యం గుర్తొచ్చాయి. ఫుర్బా తల వంచి తన చొక్కా గుండీ కేసి చూసుకుంటున్నాడు.

"నాకు బాగా తెలిసిన ఇంజన్ సార్" అన్నాడు సంతబీర్.

ఆఫీసరు రాసుకున్నాడు. తరువాతి వంతు సంతబీర్ బండిది. ఆఫీసరు బానెట్ కింద చాలాసేపు చూసి, "ఎంత చక్కగా బిగించావు దాజు. కానీ నంబరు కలవదు" అన్నాడు, నిజంగానే బాధపడి. గుమాస్తా బండి తలుపు మీద ఎర్ర రంగుతో అడ్డగీత గీశాడు.

ఇంటికొచ్చాక దిల్‌మాయాకు అంతా చెప్పాడు. ఆమె గుడ్డ తీసుకుని ఎర్ర గీతను తుడవబోయింది, పోలేదు.

"ఇంజన్ పోయింది, బండి పోయింది. నోరు కూడా పోయిందా నీకు?" అంది. "ఆయన అరగదీస్తుంటే ఆమా గుర్తు రాలేదు. నీకే గుర్తొచ్చిందా ఆమా?"

మంచితనమని ఎవరైనా అంటే సంతబీర్‌కే అసహ్యం వేసేది. నోరు మెదపకపోవడం అతని బతుకులో అతను చేసిన అతి పెద్ద తప్పో, చేయగలిగింది అదొక్కటేనో ఈ రోజుకీ తేల్చుకోలేదు. ఎనిమిది రోజులు షెడ్డులోనే కూర్చున్నాడు. తనలో తానే ఫుర్బా తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించాడు. కుట్టిన ఇంజన్‌ను నమ్మలేకపోయాడేమో. ప్రయాణికుల ప్రాణాలకు భయపడ్డాడేమో. వచ్చి ఒక్క మాట అంటాడు, తప్పయిపోయింది మీత్‌జ్యూ అంటాడు. ఆ ఒక్క మాట అంటే చాలు, బండి కోళ్లకిచ్చేసినా ఫరవాలేదు అనుకున్నాడు.

తొమ్మిదో రోజు పొద్దున ఫుర్బా బండి షెడ్డు ముందు ఆగింది. ఆ ఇంజన్ చప్పుడు సంతబీర్‌కు తన సొంత దగ్గు తెలిసినంత బాగా తెలుసు. ఫుర్బా ఒక చేత్తో సేల్‌రొట్టెల పొట్లం, రెండో చేత్తో అంకెల పెట్టె పట్టుకుని దిగాడు.

"మీతిని లేరా? వేడివేడిగా తెచ్చాను."

లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు వస్తోంది. దిల్‌మాయా బయటికి రాలేదు. సంతబీర్ పెట్టె తెరిచి చూశాడు. తొమ్మిదీ ఉన్నాయి. మూడును చేతిలోకి తీసుకుని, బొటనవేలితో దాని నడుం తడిమి, మళ్లీ దాని గుంటలో పెట్టాడు. ఫుర్బా చూస్తూనే ఉన్నాడు. సంతబీర్ ఎదురుచూశాడు.

"సీజన్ మొదలైతే నాకు నడపడం కుదరదు మీత్‌జ్యూ" అన్నాడు ఫుర్బా. "నా బండి మీరే నడపండి. మీ చేతికి అలవాటైన బండే కదా." కొంచెం ఆగి, మూలకు చూపు తిప్పాడు. "ఆ పాత ఇనుము మీకు అడ్డంగా ఉన్నట్టుంది. పట్టుకెళ్లి ఎక్కడైనా లోయలో పడేస్తా. మీకెందుకు శ్రమ."

అందుకొచ్చాడన్నమాట. రొట్టెలూ అందుకే, పెట్టె తిరిగివ్వడమూ అందుకే. నలభై మూడు మేకులు, ఒక భుజం, పాత ఇనుము.

సంతబీర్ లేచి గోనె లాగేశాడు. కుట్టు పొడవునా రాగి మెరిసింది. ఇంజన్‌కు తాడు చుట్టి, ఆ తాడులో వెదురు బొంగు దూర్చాడు. ఒక మనిషి ఎత్తగల బరువు కాదది. ముందు వైపు బొంగును తన ఎడమ భుజానికి ఆనించుకుని వంగాడు.

"ఆ చివర పట్టుకో, ఫుర్బా" అన్నాడు.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ పేరుగల మనిషి ఇంకెవరైనా వచ్చారేమోనని ఫుర్బా వెనక్కి తిరిగి చూశాడు. బాట మీద ఎవరూ లేరు.

"చూస్తావేం?" అన్నాడు సంతబీర్. "నీ వస్తువు నువ్వు తీసుకోవడానికి నన్నడగాలా? పట్టుకో."